నోటికి సాయ్వు, చేతికి వాలు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు. తంగశాల వీధి వెనక సందులో ఉన్న ఆ తెలుగు ఆడపిల్లల బడికి లెక్కల టీచర్లు ఇద్దరయ్యారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మద్రాసు పేరు మార్చి చెన్నై అన్న మరుసటేడు సంగతి ఇది.

పాత టీచరు కస్తూరి. ఆమె ముత్తాత నాటి నుంచీ ఆ పేట వదిలి ఎరగరు. పదో తరగతి లెక్కలంటే కస్తూరి, కస్తూరి అంటే పదో తరగతి లెక్కలు. కూరగాయల బండి దగ్గర నిలబడ్డా, దేవుడి ఊరేగింపులో నిలబడ్డా "టెంత్ టీచర్ వచ్చినారు, జరగండి" అనేవాళ్లు. ఆ మాట కోసమే ఆమె బతికేదంటే అబద్ధం కాదు.

కొత్త టీచరు ఆశ. పుట్టి పెరిగింది తెనాలి. మొగుడు సినిమాలకు తెలుగు డబ్బింగు చెప్పే పని మీద కోడంబాక్కంలో కాపురం పెడితే వెంట వచ్చింది. మంచి చదువు, మంచి చేతిరాత, మంచి ఇస్త్రీ చీర. నోరొక్కటే ఆగదు.

మొదటి రోజు స్టాఫ్ రూములో కస్తూరే ఆదరంగా పిలిచింది. "దా మా, ఈడ కూచో. ఆడ ఫ్యాన్ తిరగదు."

ఆశ పకపకా నవ్వింది. "ఈడా ఆడా ఏంటండీ మేడమ్! ఇక్కడ, అక్కడ అనరా? మా ఊళ్లో గేదెలు కాసేవాళ్లు కూడా ఇలా మాట్లాడరండీ బాబూ."

గదిలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆశ నవ్వులాటకే అందేమో. కానీ మాట అన్నవాళ్లు ఆ పూటకే మరిచిపోతారు, పడ్డవాళ్లు చచ్చేదాకా మోస్తారు. కస్తూరి ఆ రోజు నుంచి ఆమెకు కుర్చీ చూపించలేదు సరికదా, మంచినీళ్ల కుండ ఎక్కడుందో కూడా చెప్పలేదు.

అంతటితో పోయినా బాగుండేది. వారం తిరక్కుండానే హెడ్మిస్ట్రెస్ అలమేలు, కస్తూరిని గదికి పిలిచి కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. అలమేలు కళ్లజోడు తుడిచిందంటే చెడ్డ కబురే.

"టెంత్ లెక్కలు ఆ కొత్తామెకి ఇమ్మంటా ఉండారు కమిటీవాళ్లు. అచ్చ తెలుగు టీచరు దొరికిందని వాళ్లకి ఒకే సంతోషం. నువ్వు ఆరూ ఏడూ చూసుకో కస్తూరీ."

ఈ కమిటీ పెద్దల సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో పెళ్లాంతో ఈడా ఆడా అనేవాళ్లే, కొట్లో గుమాస్తాతో తమిళం, మనవలతో ఇంగ్లీషు. అచ్చ తెలుగంటే వాళ్లకు పట్టు పంచె లాంటిది, ఒంటి మీద వేసుకోరు గానీ బీరువాలో ఒకటి ఉండాలి. అలాంటివాళ్లు తన తెలుగుకు వంక పెట్టారని కస్తూరికి ఒళ్లు మండిపోయింది. టెంత్ పోయాక కూరగాయల బండి దగ్గర "ఏమి టీచర్, ఇప్పుడు చిన్నపిల్లోళ్లకా?" అని కూరలమ్మే మునియక్క అడిగితే వంకాయలు అక్కడే పారేసి వచ్చేసింది.

ఆ బళ్లో తరగతికీ తరగతికీ మధ్య గోడ లేదు, చెక్క తడికే. ఇవతల ఏడో తరగతికి కసాగులు చెప్తూ కస్తూరి, అవతల పదో తరగతిలో ఆశ. మధ్యలో తడిక ఉన్నా ఆశ గొంతు కస్తూరి చెవిలో సీసం పోసినట్టే ఉండేది.

ఆ రోజు సరళరేఖల పాఠం. బోర్డు మీద సుద్దముక్క చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"పిల్లలూ, ఇది బిందువు-వాలు రూపం. గీత మీద ఒక బిందువు తెలుసు, దాని వాలు తెలుసు. y − 4 = 3(x − 1). దీన్ని వాలు-అంతరఖండ రూపంలోకి మార్చాలి. బ్రాకెట్ విప్పితే మూడు x, మైనస్ మూడు. ఇవతల ఉన్న మైనస్ నాలుగు అవతలికి పోతే ప్లస్ నాలుగు. y = 3x + 1. అయిపోయింది! రూపం మారింది గానీ వాలు మారలేదు."

పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏంటా నవ్వు? వాలు అంటే నవ్వెందుకొస్తుంది?"

ఈసారి తరగతి తరగతంతా నవ్వింది. కస్తూరి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది.

ఈ పేటలో పిల్లలు ఇంట్లో అవ్వతో తెలుగు మాట్లాడినా, వీధిలో ఆడుకునేది, కొట్టుకునేది, కలలు కనేది తమిళంలోనే. తమిళంలో వాలంటే తోక. అల్లరి పిల్లను చూసి "సరియాన వాలు" అంటారు, కోతికీ దానికీ తేడా లేదని. అందుకే కస్తూరి ఇన్నేళ్లూ పదో తరగతిలో ఈ పాఠం మొదలుపెట్టేటప్పుడు బెత్తం తీసి గోడకు నిచ్చెనలా ఆనించి ముందే చెప్పేసేది. "ఇది సాయ్వు. మన తెలుగు పుస్తకంలో దీన్ని వాలంటారు. తోక కాదు, నవ్వబాకండి. నోటికి సాయ్వు, చేతికి వాలు. తెలిసిందా?" పిల్లలు నోటితో తమిళ మాటే అనేవాళ్లు, పరీక్షలో చేత్తో తెలుగు మాట రాసేవాళ్లు. ఒక్కరికీ తప్పు పోయేది కాదు.

ఆశకు ఈ సంగతి ఎవరు చెప్తారు? m అంటే వాలని పిల్లలకు కంఠతా వచ్చు. కానీ అంకెలు వచ్చేసరికి చెవిలో పడ్డ తోకే గెలుస్తుంది. తోక ఎక్కడుంటుంది? చివర్న. చివర్న ఏముంది? ఒకటి. మొదటి రూపంలో చివర మైనస్ ఒకటి, రెండో రూపంలో ప్లస్ ఒకటి. ఆయమ్మేమో వాలు మారలేదంటోంది! పిల్లలకు నవ్వు రాక ఏం చేస్తుంది?

తడిక మీద చెయ్యేసి ఒక్క మాట అంటే సరిపోయేది. కస్తూరి అనలేదు. అనకపోవడంలో ఎంత సుఖం ఉందో ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇంటికి పోయేటప్పుడు మల్లెపూలు కొనుక్కుంది.

క్వార్టర్లీ పరీక్ష అయ్యాక ఆశ పేపర్ల కట్ట తెచ్చి కస్తూరి ముందు దబ్బుమని పడేసింది.

"చూడండి మేడమ్. బ్రాకెట్ విప్పారు, గుర్తులు మార్చారు, వాలు-అంతరఖండ రూపం దాకా తెచ్చారు. అంతా కరెక్టే. 'వాలు ఎంత' అంటే మాత్రం అందరూ ఒకటే తప్పు! చివరి అంకె రాసి కూర్చున్నారు. కింది క్లాసుల్లో మీరేదో నూరిపోశారు."

"నేనా?" కస్తూరి టిఫిన్ డబ్బా మూత నిదానంగా పెట్టింది. "నాకేం తెలుసు మా. నాది అచ్చ తెలుగు కాదు గదా."

"వెటకారం చాలండి. నా మీద కక్షతో పిల్లల్ని చెడగొడుతున్నారు."

"చెడిపోయేదానికి వాళ్లిప్పుడు నా దగ్గర లేరు. నీ దగ్గర ఉండారు. నువ్వే చూసుకో."

ఆశ చూసుకునే పద్ధతి బెత్తం. వాలు అన్నప్పుడు నవ్విన పిల్లకు రెండు దెబ్బలు, తప్పు చెప్పిన పిల్లకు ఇంకో రెండు. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు కస్తూరి మీది కోపమంతా ఆ పిల్లల అరచేతుల మీద దిగింది. నవ్వు ఆగింది గానీ తప్పు ఆగలేదు.

ఆ దెబ్బలు తిన్నవాళ్లలో కలైసెల్వి ఒకతి. పేరు తమిళం, ఇంట్లో నాన్నా అవ్వా తెలుగు. నాన్న హార్బరులో మూటలు మోస్తాడు. తరగతిలో మొదటి పిల్ల. ఆరో తరగతి నుంచి కస్తూరి చేతి కింద పెరిగింది, లెక్క చేస్తే ముగ్గు పెట్టినట్టుండేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ అరచెయ్యి పావడాకు రుద్దుకుంటూ వచ్చి నిలబడింది.

"మిస్, నేను అంతా కరెక్టా చేసినాను మిస్. బ్రాకెట్ విప్పినాను. మైనస్ని ఆ పక్కకి తీస్కపోయి ప్లస్ చేసినాను. లాస్ట్ లైన్లో అడి పడిపోయింది, రెండు దెబ్బలు. ఏం తప్పు మిస్? మీరు చెప్పండి."

అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. మాట కస్తూరి నాలుక చివరిదాకా వచ్చింది. సాయ్వు అన్న ఒక్క మాట చాలు, ఆ పిల్ల చటుక్కున అందుకుంటుంది, సాయంత్రానికి తరగతంతా అందుకుంటుంది, రేపటి నుంచి ఆశకు తిరుగుండదు. ఆ చివరి సంగతి గుర్తొచ్చి మాట వెనక్కి పోయింది.

"నన్నెందుకడుగుతావు? మీ టీచర్నే అడుక్కోపో. అచ్చ తెలుగులో చెప్తాది."

పిల్ల వెళ్లిపోయింది. తను చేసింది పాపమని కస్తూరికి తెలుసు. పాపమని తెలిసీ మజ్జిగన్నంతో పాటు మింగేసింది. కోపం ముందు పాపం చిన్నదిగానే కనిపిస్తుంది మరి.

ఇంతలో పిడుగులాంటి కబురొచ్చింది. పై ఆఫీసు నుంచి ఆనందన్ అనే అధికారి వస్తున్నాడు. అలమేలు అందర్నీ కూర్చోబెట్టి కళ్లజోడు తుడవడం మొదలుపెట్టింది.

"ఈ బళ్లో తెలుగు మీడియం ఉంచాల్నా వద్దా అని చూసేదానికి వస్తా ఉండారు. టెంత్ లెక్కల క్లాసులో కూచుంటారంట. ఆశా, నీ చేతిలో ఉండాది."

అందరికీ మొదటి మాట గుండెల్లో దిగింది. కస్తూరికి మాత్రం చివరి మాటే వినిపించింది. అందరూ పోయాక ఒక్కతే ఉండిపోయి అడిగింది.

"ఆయమ్మ చేత కాకపోతే?"

"చేత కాకపోతే టెంత్ మళ్లీ నీదే. కమిటీవాళ్లతో నేను మాట్లాడతాను. అయితే నోరు మూసుకోని ఉండు కస్తూరీ, ఇది కొట్లాడుకునే వేళ కాదు."

కస్తూరి తలూపింది. నోరు మూసుకుని ఉండటం ఆమెకు అప్పటికే బాగా అలవాటైపోయింది.

ఆనందన్ పొట్టి మనిషి, చంకలో గొడుగు, జేబులో రెండు పెన్నులు. తిరుత్తణి పక్కన పుట్టినవాడు, తెలుగు చెప్తే అంతా అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం తమిళమే. పదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన అలమేలు, ఆ చివర కస్తూరి.

ఆశ ఆ రోజు బాగా చెప్పింది, కాదంటే కళ్లు పోతాయి. బోర్డు మీద y − 5 = 2(x + 1) అని ముత్యాల్లా రాసింది. "ఇదీ ఒక గీతే, దీన్ని మార్చి రాసిందీ అదే గీత. రూపం మారితే గీత మారుతుందా? చొక్కా మార్చుకుంటే మనిషి మారతాడా?" అంది. ఆనందన్ మెచ్చుకుంటూ తల ఊపాడు. కస్తూరి అది చూడలేక ముఖం పక్కకు తిప్పుకుంది.

"కలైసెల్వీ, వచ్చి మార్చి రాయి."

ఆ పిల్ల ఎక్కడా తడబడలేదు. రెండుని లోపలికి పంపి 2x + 2 చేసింది. మైనస్ అయిదుని అటు పంపి ప్లస్ చేసింది. y = 2x + 7 అని రాసి కింద గీత గీసింది.

"వెరీ గుడ్. ఇప్పుడు సార్‌కి చెప్పు. వాలు ఎంత?"

పిల్ల అరచేతులు రెండూ వెనక్కి దాచుకుంది. "ఏడు మిస్."

"ఎంతా?"

"ముందర... ఒకటి ఉన్నింది మిస్. ఇప్పుడు ఏడు అయింది."

ఆనందన్ పెన్ను మూత తీశాడు. అది చూసి ఆశకు చెమటలు పట్టాయి. పట్టి ఊరుకుంటే బాగుండేది. ఆమె వెనక బెంచీ వైపు తిరిగింది.

"సార్, ఇది నా తప్పు కాదండీ. కింది క్లాసుల్లో వీళ్లకు చెప్పినవాళ్లకే తెలుగు రాదు. ఈడా ఆడా అనేవాళ్ల దగ్గర చదివితే పిల్లలకు ఇంతకంటే ఏం వస్తుంది?"

కస్తూరి లేచింది. అలమేలు కొంగు పట్టి లాగినా ఆగలేదు.

"సార్, పిల్ల తప్పు లేదు. వాలంటే ఈ పిల్లోళ్లకి తోక సార్! ఈ పేటలో పుట్టిన ఎవరికైనా తోకే. తోక యాడుంటాది? చివర్న. చివర్న ఏడుండాది, ఏడనింది. లెక్కంతా పిల్లకి వచ్చు. ఈయమ్మ వాలు వాలు అన్నప్పుడంతా పిల్లోళ్లు ఎందుకు నవ్తారో, బడి తెరిచిన కాడ్నించీ ఈ అచ్చ తెలుగామెకి తెలియలా!"

తరగతి గొల్లుమంది. ఇన్నాళ్లూ బెత్తానికి భయపడి దాచుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడింది. ఆశ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీకు ఇది ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచే తెలుసు."

"తెలిసి చెప్పలేదా? నేను ఈ పిల్ల చేతులు వాచేలా కొడుతుంటే వింటూ కూర్చున్నారా?"

"నువ్వు అడగలా," అంది కస్తూరి. అని, చూడకూడని వైపు చూసింది. బోర్డు పక్కన కలైసెల్వి ఆమెనే చూస్తోంది. ఆ పిల్ల నవ్వడం లేదు.

ఆనందన్‌కు మాత్రం భలే సరదాగా ఉంది. తొడ చరుచుకుని నవ్వి, ముందుకు వచ్చి, బోర్డు మీది గీతను వేలితో తట్టి తమిళంలో అడిగాడు. "సాయ్వు ఎన్నమ్మా?"

పిల్ల రెప్ప వెయ్యలేదు. "రెండు సార్!"

ఆయన వరసగా ఇంకో నాలుగు సమీకరణాలు రాశాడు. సాయ్వు, సాయ్వు, సాయ్వు అంటూ పోయాడు. వెనక బెంచీ మొద్దులు కూడా చేతులెత్తి కేకలేశారు. ఒక్కటీ తప్పు పోలేదు. కస్తూరి కళ్లు చెమర్చాయి. టెంత్ తన చేతికి వచ్చేసినట్టే. నవ్విన నాపచేనే పండుతుందని ఆశ వైపు తల ఎగరేసి మరీ చూసింది.

"ఇన్నేళ్లూ మీరెలా చెప్పేవారమ్మా?" అని అడిగాడు ఆనందన్.

"నోటికి సాయ్వు, చేతికి వాలు సార్," అంది కస్తూరి గర్వంగా.

ఆయన ఆ మాటను ఒకసారి నోట్లో తిప్పుకున్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, చాలా ప్రేమగా చెప్పాడు. ఆయన తమిళంలో అన్నది ఇది: "అంటే పిల్లలు ఆలోచించేది తమిళంలో, పరీక్ష రాసేది తెలుగులో. పాపం, ఎందుకమ్మా వీళ్లకు ఈ రెట్టింపు చాకిరీ? ఈ మాట ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. వచ్చే ఏడు నుంచి ఆరో తరగతిలో తమిళ మీడియమే పెట్టమని రాస్తాను. రూపం మారితే గీత మారదని మీ టీచరమ్మే ఇప్పుడు చెప్పింది కదా. మద్రాసు చెన్నై అయింది, ఊరు ఎక్కడికైనా పోయిందా?"

కస్తూరి బెంచీల మధ్య నుంచి ముందుకు వచ్చేసింది. "సార్, సార్, అట్ల కాదు. ఆ పాప రెండు అని తెలుగులోనే చెప్పింది సార్! మీరు తమిళంలో అడిగినారు, తను తెలుగులో చెప్పింది!"

"తమిళంలో కూడా రెండుని రెండనే అంటాం కదమ్మా," అని ఆనందన్ నవ్వి, గొడుగు తీసుకున్నాడు.

ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చిన అలమేలు ఈసారి కళ్లజోడు తుడవలేదు, తీసి బల్ల మీద పడేసింది.

"టెంత్ నీదే కస్తూరీ. సోమవారం నుంచి తీసుకో. ఇప్పుడుండే పిల్లోళ్లు పైకి పోయేదాకా చెప్పుకో. ఆ తర్వాత కింద్నించి ఎవరూ రారు. నోరు మూసుకోమని నేను చెప్పింది దేనికనుకున్నావు?"

కస్తూరి తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. వెంకటేశ్వరుడి ముందు నిలబెట్టి అడిగినా తను చెప్పింది అబద్ధం కాదు. నిజమే చెప్పింది. ఆ నిజం ఆశకు తడిక చాటున చెప్పి ఉంటే ఒక పాఠం బాగుపడేది. అందరిలో ఆమె పరువు తియ్యాలని దాచిపెట్టి చెప్పింది గనక బడి పోయింది. ఆ సంగతి ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆశ హ్యాండ్‌బ్యాగు సర్దుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"గెలిచారు మేడమ్. ఇక ఈడ మీరొక్కరే."

మొదటిసారి ఆమె నోట ఆ మాట సరిగ్గా పలికింది.

బడి వదిలారు. గేటు దగ్గర పిల్లల గుంపులో కలైసెల్వి కనబడితే కస్తూరి పరుగులాంటి నడకతో వెళ్లి భుజం పట్టుకుంది.

"ఏమే, నువ్వు రెండు అని తెలుగులోనే గదా చెప్పినావు? చెప్పు. తెలుగేనా?"

పిల్ల మెల్లగా భుజం విడిపించుకుంది. టీచరు ముఖంలోకి చూడలేదు, తన అరచెయ్యి చూసుకుంది.

"తెరియల మిస్," అని, తెలియదన్న మాట తమిళంలో చెప్పి స్నేహితురాళ్లతో కలిసిపోయింది.